లాంబెర్ట్ రెండువందల పన్నెండో వంతు

ఆర్విల్ జాస్ట్రో రోజూ ఉదయం తొమ్మిదింటికి రెండో కప్పు కాఫీ పట్టుకుని నేలమాళిగలోకి దిగేవాడు. అల్యూమినియం గిన్నెల ఫ్యాక్టరీలో రిటైరైన మర్నాడు మొదలుపెట్టిన పని అది. తొమ్మిదేళ్ళలో మూడంటే మూడు రోజులు మానాడు. ఒకటి పన్ను పీకించుకున్న రోజు, రెండోది అత్తగారి అంత్యక్రియల రోజు, మూడోది కుక్క ఒక పాచికని మింగేసిన రోజు. ఆ కుక్కని నేను బాగా ఎరుగుదును. ఆ తర్వాత చచ్చేదాకా అది ఆరడుగులకోసారి ఆగి ఆలోచించేది.

కింద బల్ల మీద మూడు పాచికలు, చెప్పుల పెట్టెల నిండా అట్టముక్కలు. ఒక్కో అట్టముక్క ఒక్కో ఆటగాడు. 1949లో సరస్సు ఒడ్డున ఎనిమిది ఊళ్ళు కలిసి ఆడిన బేస్‌బాల్ లీగ్ తాలూకు మనుషులంతా ఆ పెట్టెల్లో ఉన్నారు. మొత్తం నాలుగువందల నలభై ఎనిమిది ఆటలు. మరుసటి ఏడాదే ఆ లీగ్ మూతబడింది. ఆర్విల్ జిల్లా వారపత్రికలోంచి ప్రతి ఆట వార్తా కత్తిరించి, ఎవడు ఎంత బాగా కొట్టేవాడో లెక్కకట్టి, ఎవడి అట్ట వాడికి తయారుచేశాడు. ఆ పనికే ఏడేళ్ళు పట్టింది. పాచికలు వేసి, పడ్డ అంకె అట్ట మీద చూస్తే, వాడు కొట్టాడో ఔటయ్యాడో తెలుస్తుంది. అలా ముప్ఫై నాలుగేళ్ళ కిందట అయిపోయిన ఆటల్ని మళ్ళీ ఒక్కొక్కటే ఆడుకుంటూ వస్తున్నాడు. ఎందుకని అడిగినవాళ్ళు మా ఊరు సెయింట్ ఒడీల్‌లో ఎవరూ లేరు. గాలం వేసుకుని కూర్చున్నవాణ్ణి ఎందుకని అడుగుతామా?

పాచికలు ఎవడైనా వేస్తాడు. గొప్పంతా రాయడంలో ఉంది. ఆటకి జట్టుకొక కాగితం, బ్యాటు పట్టినవాడి వంతుకొక గడి. గడిలో చిన్న వజ్రం బొమ్మ. వాడు మొదటి బేసు చేరితే వజ్రానికి ఒక పక్క గీస్తారు, రెండో బేసు చేరితే రెండో పక్క. మూడూ దాటి మొదలెట్టిన చోటికి వచ్చాడా, నాలుగు పక్కలూ కలిసి ఒక పరుగు. ఇక కూడికలంటారా, నలభై అంకెల నిలువు వరుసని ఆర్విల్ ఒక్క చూపు చూస్తే మొత్తం దానంతటదే సిగ్గుపడి బయటికొచ్చేది. బ్యాంకువాళ్ళ కూడిక యంత్రంతో పోటీపడ్డప్పుడు నేను పక్కనే ఉన్నాను. యంత్రం పొగ కక్కింది. ఆర్విల్ పెన్సిలు వేడెక్కిందంతే.

ఆయనకి మూడు నియమాలుండేవి. పడ్డ పాచిక పడ్డట్టే. ఏ ఆటగాడూ తన బతుకులో ఆ ఏడాది ఎన్ని వంతులు ఆడాడో అంతకు మించి ఒక్క వంతు కూడా ఆడకూడదు. మూడోది అన్నిటికన్నా కఠినం. ఆట అయ్యాక కాగితం తేలాలి. అంటే బ్యాటు పట్టిన వంతులు నలభై ఒకటయితే, పరుగులూ, ఔట్లూ, బేసుల మీద మిగిలిపోయినవాళ్ళూ కలిపి సరిగ్గా నలభై ఒకటే కావాలి. తేలనిదే ఆ కాగితం పెద్ద పుస్తకంలోకి ఎక్కదు.

మిగిలిపోయినవాళ్ళు ఆట అయ్యాక మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేవాళ్ళు. ఔటూ కాక, పరుగూ పూర్తిచేయక, ఇన్నింగ్స్ ముగిసేసరికి బేసు మీదే ఆగిపోయినవాళ్ళు మరెక్కడికి పోతారు? ఉన్ని యూనిఫారాలు, మోకాళ్ళకి ఎర్రమట్టి. మొదటి బేసువాళ్ళు మెట్ల తలుపు దగ్గర నిలబడేవాళ్ళు. రెండో బేసువాళ్ళు వెనక గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా మీద, మూడో బేసువాళ్ళు పొయ్యి పక్కన. ఉలకరు, పలకరు, బేసు మీంచి పాదం తీయరు. కిందినుంచి ఆర్విల్ "తేలింది" అని కేకేయగానే టోపీలు తీసి ఇల్లాలికి తలలు వంచి, వెనక తలుపులోంచి బీట్ దుంపల చేలోకి నడిచిపోయేవాళ్ళు.

ఆ ఇల్లాలు డెల్ఫీన్. బెల్జియం సంతతి మనిషి, నోరూ పొయ్యీ రెండూ ఆరనివ్వదు. ఆర్విల్‌కి ఆమె లెక్క పెద్ద ఆసరా.

"పైన ఎంతమంది?" అని కిందినుంచి అడిగేవాడు.

"పదకొండు."

"నా కాగితం మీదా పదకొండే. తేలింది."

ఉత్తరాలు తెచ్చే విల్‌మర్ కూడా కిటికీలోంచి తొంగిచూసి, "ఇవాళ పల్చగా ఉన్నారే, పిచర్లు బాగా విసిరారు కాబోలు," అని కరెంటు బిల్లు అందించి వెళ్ళేవాడు.

సెప్టెంబర్‌లో ఒక మంగళవారం నాలుగువందల నలభై ఒకటో ఆట అయింది. కొంగలని పేరున్న సొంతూరు జట్టు ఓడిపోయింది. అవతలి జట్టు కాగితం చిటికెలో తేలి వాళ్ళ ఏడుగురూ వెళ్ళిపోయారు. కొంగల తొమ్మిదిమందీ మాత్రం అలాగే నిలబడ్డారు. పదకొండయింది. పన్నెండయింది.

"డెల్ఫీన్, పైన ఎంతమంది?"

"తొమ్మిది."

"మళ్ళీ లెక్కపెట్టు."

"ఆరుగురు పిల్లల్ని జాతరకి తీసుకెళ్ళి ఆరుగుర్నీ వెనక్కి తెచ్చినదాన్ని నేను. అందులో ఒకడు మీ పోలికే. తొమ్మిదంటే తొమ్మిదే."

ఆర్విల్ పైకొచ్చాడు. తిన్నగా వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి, పట్టా మీద నిలబడ్డ కుర్ర ఆటగాడి ఎదుట ఆగాడు. పొడుగ్గా, చెవులు బయటికి పొడుచుకొచ్చి, కాలరు ఒక పక్కకి వంకరపోయి ఉన్నాడు.

"వీడే," అన్నాడు. "లాంబెర్ట్. మన లాంబెర్ట్. నలభై తొమ్మిదిలో వీడు ఆడింది రెండువందల పదకొండు వంతులు. నిన్నటితో సరి. ఇవాళ ఏడో ఇన్నింగ్స్‌లో చూసుకోకుండా మళ్ళీ దింపాను. వీడు తిన్నగా రెండు బేసుల దెబ్బ కొట్టి కూర్చున్నాడు."

"అయితే ఆ వంతు కొట్టేయండి."

"పాచిక పడింది కదే. కొట్టేస్తే కాగితం మీద ఎనిమిదిమందే, పైన తొమ్మిదిమంది, కాగితం తేలదు."

"అయితే రాసేయండి."

"బతుకులో ఆడని వంతు నేనెవణ్ణి ఇవ్వడానికి? ఒకడికి ఒక్కటి ఎక్కువిస్తే తొమ్మిదేళ్ళ పుస్తకం అబద్ధాల పుట్ట."

డెల్ఫీన్ గరిట కింద పెట్టింది. అది మంచి శకునం కాదు. ఆమె గరిట కింద పెట్టగా నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ మైలు దూరంలో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి.

"నా మాట వినండి. శుక్రవారం మా అక్క భోజనానికొస్తోంది. శనివారం పొద్దున్నే బస్సెక్కి అరిజోనా పోతోంది. పోతే ఇక రాదు. వీళ్ళందర్నీ దాటుకుంటూ నేను చేపలు వేయించలేను. శుక్రవారానికల్లా నా వంటిల్లు నాకు కావాలి."

అక్క పేరు ఫిలోమీన్. పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఆరేళ్ళు చర్చిలో ఆర్గాన్ వాయించింది. ఆమె వాయిస్తుంటే సమాధుల్లోవాళ్ళు కూడా ఒక చెవి పైకి పెట్టుకునేవాళ్ళని అంటే మీరు నమ్మరు, కానీ గడ్డి అటువైపే వంగి ఉండేది. ఆ వేసవిలో కొత్త ఫాదర్ వచ్చి గిటార్లు తెచ్చాడు. ఆర్గాన్ మీద దుప్పటి కప్పాడు. ఫిలోమీన్ అరిజోనాలోని టూసాన్‌లో ఉన్న పిన్నికూతురికి ఉత్తరం రాసి, పెట్టె సర్దుకుంది.

బుధవారమంతా ఆర్విల్ పాత వారపత్రికలు తిరగేశాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగుసార్లు కూడాడు. నాలుగుసార్లూ రెండువందల పదకొండే. పైన తొమ్మిదిమందీ కదల్లేదు. విల్‌మర్ కిటికీలోంచి చూశాడు.

"నిన్నటివాళ్ళేనా?"

"వాళ్ళే," అంది డెల్ఫీన్.

"పాపం."

పొయ్యి పక్కనున్న మూడో బేసువాడికి ఉన్ని బట్టల్లో చెమటలు కారిపోతుంటే, ఊరికే నిలబడటమెందుకని ఆమె వాడి చేతికి గరిటిచ్చింది. ఒక పాదం కదపకుండానే వాడు బూయా అనే కోడిపులుసు కలిపాడు. ఆ రోజు కోడిపులుసు అడుగంటలేదు. నలభై ఏళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

గురువారం ఆర్విల్ వేరే దారి లేక అసలు లాంబెర్ట్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన నాలుగు వీధుల అవతల ఒంటరిగా ఉంటాడు. యాభై ఎనిమిదేళ్ళు. జున్ను ఫ్యాక్టరీలో బండిచక్రాలంత జున్నుముద్దల్ని తిరగేసే పని. మాట ఇచ్చాడంటే తూచినట్టు ఇస్తాడు, తూచినట్టే చెల్లిస్తాడు. రేపొస్తానని చెప్పి వానలో చిక్కుకుని, రెండు నిమిషాలు ఆలస్యమైందని బయటే నిలబడి క్షమాపణ చెప్పి వెళ్ళిపోయిన మనిషి.

వెనక గుమ్మంలోంచి లోపలికి రాబోయి, పట్టా మీద తనకి తానే అడ్డంగా ఉండటం చూసి లాంబెర్ట్ పక్కకి ఒదిగి నడిచాడు. కుంటి మోకాలు తలుపుకి తగిలింది.

"ఆ బూట్లు కరిచేవి," అన్నాడు. "ఎడమది మరీను."

డెల్ఫీన్ రేగుపండ్ల తీపిరొట్టె ముక్క ఒకటి ముందు పెట్టింది. ఆర్విల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"నిజం చెప్పరా లాంబెర్ట్. నలభై తొమ్మిదిలో పేపర్లో పడనిది ఒక వంతు ఎక్కడైనా ఆడావా?"

లాంబెర్ట్ రొట్టె ముక్క సగం తిన్నాడు. ఇంకో సగం తిన్నాడు. పళ్ళెం అంచు తుడుచుకున్నాడు.

"ఆడాను. కానీ ఆ ఆట లేదు."

"లేదంటే?"

"సెప్టెంబర్‌లో లేబర్ డే సెలవు రోజు. మధ్యాహ్నం రెండో ఆట. నాలుగో ఇన్నింగ్స్‌లో మంచు దిగింది చూడు."

ఆ మంచు సంగతి నన్నడగండి. సరస్సు మీంచి తెల్లటి గోడలా నడిచొచ్చింది. నేను టోపీ తీసి వదిలితే కింద పడలేదు, మంచుకే వేలాడింది. మైదానం దూరపు కొసన సెంటర్‌ఫీల్డ్‌లో ఉన్నవాడు ఇంటికి దారి తెలీక పక్క జిల్లాలో తేలి అక్కడే వ్యవసాయం మొదలుపెట్టాడు. అంపైరు గంటసేపు చూసి, ఐదు ఇన్నింగ్స్ కాలేదు గనక ఆట జరగనట్టే లెక్క అని, కనబడని జనానికి కనబడకుండా ప్రకటించాడు. జరగని ఆటని పేపర్‌వాళ్ళు మాత్రం ఏమని వేస్తారు?

"అప్పుడు నేను రెండో బేసు మీద ఉన్నాను," అన్నాడు లాంబెర్ట్. "రెండు బేసుల దెబ్బే కొట్టాను." డెల్ఫీన్ ఇంకో ముక్క పెట్టింది. "బ్యాటింగ్‌కి వెళ్ళేముందు కంచె దగ్గర ఫిలోమీన్ కూర్చునుంది. 'నిన్నొకటి అడగాలి, పరుగు చేసొచ్చి అడుగుతా' అన్నాను. సరే అంది."

"మరి అడిగావా?" అంది డెల్ఫీన్.

"పరుగు ఏదీ?"

మూడో బేసువాడు గరిట తిప్పుతూనే ఉన్నాడు.

"ముప్ఫై నాలుగేళ్ళు," అంది డెల్ఫీన్.

"ఆటే లేదన్నాక ఆ ఆటలో ఇచ్చిన మాట ఎక్కడుంటుంది చెప్పు? పోనీ ఇంకో ఆటలో చేద్దామనుకున్నా. ఆ వారమే జున్నుముద్ద మోకాలి మీద పడింది. మళ్ళీ ఆడలేదు."

"ఆవిడ ఎల్లుండి వెళ్ళిపోతోంది. తెలుసా అసలు?"

"తెలుసు. పెట్టె తాళం బాగుచేసి ఇచ్చింది నేనే."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ," అంది డెల్ఫీన్. అది ఆవిడ దగ్గరున్న తిట్లలో మెత్తనిది.

ఆర్విల్ మనసు అక్కడ లేదు. పెన్సిలు చెవి మీంచి తీశాడు. "ఒక వంతు ఉందన్నమాట. మంచిదే. కానీ నోటిమాట నా పుస్తకంలోకి రాదు. కాగితం కావాలి. ఆ రోజు స్కోరు ఎవరు రాశారు?"

"ఇంకెవరు?" అన్నాడు లాంబెర్ట్. "ఫిలోమీనే."

డెల్ఫీన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "రేపు సాయంత్రం ఐదింటికి ఉతికిన చొక్కా వేసుకుని భోజనానికి రా," అంది లాంబెర్ట్‌తో. "రానంటే ఆ తొమ్మిదిమందినీ నీ ఇంటికి తోలతాను."

శుక్రవారం ఐదింటికి లాంబెర్ట్ వచ్చాడు. ఐదుంబావుకి ఫిలోమీన్ వచ్చింది. సన్నగా, నిటారుగా, చేతిలో నల్ల తోలు సంచీతో. వెనక గుమ్మంలో పట్టా మీద కుర్ర లాంబెర్ట్‌ని చూసి ఆగింది. సంచీ మోచేతికి తగిలించుకుని, రెండు చేతులతో వాడి వంకర కాలరు సర్దింది. అప్పుడు లోపలికొచ్చి, బల్ల దగ్గర అసలు లాంబెర్ట్‌కి ఎదురుగా కూర్చుంది. ఆయన కాలరూ వంకరగానే ఉంది. దాని జోలికి పోలేదు.

వయసులో ఉన్నప్పుడు వాళ్ళు ఒకరినొకరు నువ్వు అనుకునేవాళ్ళు. ఆ మంచు విడిపోయాక ఎందుకో మీరు అనుకోవడం మొదలైంది.

"ఉప్పు కొంచెం అందిస్తారా?"

"తీసుకోండి."

"పెట్టె తాళం బాగా పడుతోంది. థ్యాంక్స్ అండీ."

"నూనె వేశానండి."

డెల్ఫీన్ వేయించిన చేపల పళ్ళెం బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది. "ఆర్విల్, అడగండి. లేకపోతే వీళ్ళు తాళం గురించే మాట్లాడుకుంటూ చచ్చిపోతారు."

ఆర్విల్ గొంతు సవరించుకుని, నలభై తొమ్మిది లేబర్ డే, రెండో ఆట, స్కోరు కాగితం అన్నాడు. ఫిలోమీన్ చేతులు తుడుచుకుని నల్ల సంచీ తెరిచింది. రేపు టూసాన్ వెళ్ళేటప్పుడు పెట్టెలో వెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుపోయే సంచీ అది. అందులో రెండే ఉన్నాయి. బస్సు టిక్కెట్టు, నాలుగు మడతల పాత కాగితం.

ఆర్విల్ దాన్ని భూతద్దంతో చూశాడు. తేదీ ఉంది. అంపైరు సంతకం ఉంది, మంచులో పెట్టినందువల్ల సగం కాగితం బయటికి పోయింది. నాలుగో ఇన్నింగ్స్‌లో లాంబెర్ట్ గడి. వజ్రానికి రెండు పక్కలు గీసి ఉన్నాయి. మిగతా రెండూ ఖాళీ.

"రెండువందల పన్నెండు," అన్నాడు ఆర్విల్, జపం పూర్తిచేసినవాడిలా.

పరుగున కిందికి దిగి పుస్తకంలో అంకె దిద్దాడు. దిద్దగానే మంగళవారం ఆటలో లాంబెర్ట్ వంతు న్యాయమైనదే అయింది. "తేలింది" అన్న కేక ఇల్లంతా వినబడింది. మూడో బేసువాడు గరిట తుడిచి కొక్కేనికి తగిలించాడు. ఎనిమిదిమంది టోపీలు తీసి తలలు వంచి, చేలోకి వెళ్ళిపోయారు.

పట్టా మీద కుర్ర లాంబెర్ట్ అలాగే ఉన్నాడు.

ఆర్విల్ మెట్లెక్కి వచ్చి చూసి, పెన్సిలు నమలడం మొదలుపెట్టాడు. "కాగితం తేలింది కదా. వీడెందుకు పోడు?"

"మీ కాగితం తేలింది," అంది ఫిలోమీన్. "నాది తేలలేదు."

"ఇందులో లాంబెర్ట్ మిగిలాడని రాసుకుంటే సరిపోతుంది కదమ్మా."

"ఎలా రాస్తాను? నాలుగో ఇన్నింగ్స్‌లో ఇద్దరే ఔటయ్యారు. మూడోవాడు కూడా ఔటైతేనే ఇన్నింగ్స్ అయినట్టు. ఇన్నింగ్స్ ముగియకుండా మనిషి మిగిలిపోయాడని రాయడం తప్పు. అందుకే ఆ రెండు గీతలూ గీయలేదు, మిగిలాడనీ వేయలేదు. ఖాళీగా ఉంచాను." చేపముక్క చివర కోసుకుంది. "స్కోరు రాసేవాళ్ళు తొందరపడకూడదు."

ఆర్విల్ ఆవిడ వంక చూసిన చూపు, ఇంకో పర్వతారోహకుడు శిఖరం మీద ముందే కూర్చుని టీ తాగుతుంటే చూసిన చూపు. ఏమీ అనకుండా కిందికెళ్ళి మూడు పాచికలూ, రెండు చెప్పుల పెట్టెలూ పైకి తెచ్చాడు. తొమ్మిదేళ్ళలో పాచికలు మెట్లెక్కడం అదే మొదలు.

"ఆగిన చోటినుంచే ఆడాలి. తర్వాత బ్యాటు ఎవరిది?"

ఫిలోమీన్ కాగితం చూడకుండానే చెప్పింది. "డెజిరే."

లాంబెర్ట్ కళ్ళు మూసుకున్నాడు. డెజిరే బంతి విసిరేవాడు. కొట్టడం అతని పని కాదని అతనికీ తెలుసు, బ్యాటుకీ తెలుసు. అతను బ్యాటు ఊపితే వచ్చే గాలికి పక్క ఊళ్ళో బట్టలారేవి, బంతి మాత్రం తగిలేది కాదు. పాచికలు మూడూ పడే తీరులు రెండువందల పదహారైతే, అందులో అతను బాగా కొట్టేవి పదమూడు.

"వేసేది ఎవరు?" అంది డెల్ఫీన్.

"అతిథులు వేయాలి," అన్నాడు ఆర్విల్.

ఫిలోమీన్ పాచికలు గుప్పిట పట్టి, ఆర్గాన్ మీద చివరి పాట మొదలుపెట్టేముందు ఆగినట్టు ఒక్క క్షణం ఆగి, వదిలింది. ఒకటి ఆరు. ఇంకొకటి ఆరు. మూడోది బల్ల అంచు దాటి, నేల మీద దొర్లి, పొయ్యి కిందికి పోయింది. డెల్ఫీన్ మోకాళ్ళ మీద వంగి చూసింది.

"ఆరు," అంది కిందినుంచి. "మూడు ఆరులు. చూడండి ఏముందో."

అట్ట మీద మూడు ఆరులకి ఎదురుగా హోమ్ రన్ అని, అంటే బంతి కంచె దాటిందని, ఉంది. డెజిరే బతుకులో కొట్టిన ఒకే ఒక్కటి. ఆర్విల్ అట్ట పక్కన పెట్టాడు.

"బల్ల దాటిన పాచిక చెల్లదు."

"ఏమన్నారు?" డెల్ఫీన్ ఇంకా నేల మీదే ఉంది. చేతిలో పాచిక, పక్కనే చేపలు వేయించిన ఇనప పెనం.

"చెల్లదే. మూడూ మళ్ళీ వేయాలి."

"ఆర్విల్ జాస్ట్రో, ఈ పెనం నాలుగు కిలోలు."

"ఆయన చెప్పింది నిజం, డెల్ఫీన్," అంది ఫిలోమీన్. "చెల్లదు."

"చెల్లదు," అన్నాడు లాంబెర్ట్ కూడా. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి. అది కూడా తమకే అడ్డంగా.

ఫిలోమీన్ మళ్ళీ వేసింది. రెండు, నాలుగు, ఒకటి. ఆర్విల్ వేలు అట్ట మీద కిందికి జారింది. డెజిరే కొట్టిన బంతి మెల్లగా నేల మీద దొర్లుతూ, రెండో మూడో బేసుల మధ్య కాపుకాసే షార్ట్‌స్టాప్ చేతుల్లోకి పోతుంది. మామూలుగా అయితే అక్కడితో ఔటు, ఇన్నింగ్స్ పూర్తి. లాంబెర్ట్ రెండో బేసు మీద మిగిలిపోయినవాడుగా శాశ్వతంగా రాసుకోవచ్చు.

"షార్ట్‌స్టాప్ బంతి పట్టాడా లేదా అని ఇంకోసారి వేయాలి," అన్నాడు ఆర్విల్. "అక్కడ ఎవరు?"

"గాస్పార్," అన్నారు ఫిలోమీన్, లాంబెర్ట్ ఇద్దరూ ఒకేసారి.

గాస్పార్ ఇప్పుడు ఊరి మంగలి. గట్టిచేతివాడు. ఆర్విల్ కట్టిన లెక్కప్రకారం మూడు పాచికలూ మూడేసి పడితేనే అతని చేతిలోంచి బంతి జారుతుంది. అలా పడడమన్నది, నేను ఈ చెవులతో విన్నాను, జిల్లా మొత్తంలో అంతకుముందు ఒక్కసారే జరిగింది, ఆ రోజు రెండు ఆవులు మాట్లాడాయి.

ఈసారి పాచికలు లాంబెర్ట్ చేతికిచ్చింది ఫిలోమీన్. ఆయన వేళ్ళు జున్ను తిప్పి తిప్పి మొద్దుబారినవి. వేయడం కూడా ఏదో బరువైనది దించినట్టు మెల్లగా దించాడు. పాచికలు దొర్లను కూడా దొర్లలేదు. ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి.

మూడు. మూడు. మూడు.

వెనక గుమ్మంలో పట్టా మీంచి పాదం లేచింది.

కుర్ర లాంబెర్ట్ పొయ్యి మూలని ఎడమ కాలితో తాకి మలుపు తిరిగాడు. ముందుగది చుట్టూ, గడియారం కిందినుంచి, తల దించుకుని పరుగెత్తాడు. అలమరలో గిన్నెలు మోగాయి. వంటింటి గడప దగ్గర ఒళ్ళు పారేసుకుని నున్నటి నేల మీద జారుతూ వచ్చి, ఫిలోమీన్ కుర్చీ కాలుని వేలికొసలతో తాకాడు. అంతే. ఆ తర్వాత అక్కడ గడప నుంచి కుర్చీదాకా పొడుగాటి ఎర్రమట్టి చార ఒక్కటే ఉంది.

"ఇప్పుడే తుడిచాను," అంది డెల్ఫీన్.

ఫిలోమీన్ చెయ్యి చాచింది. ఆర్విల్ నమిలిన పెన్సిలు ఇచ్చాడు. ఆవిడ పాత కాగితం బల్ల మీద సాపుచేసి, లాంబెర్ట్ గడిలో వజ్రానికి మూడో పక్క గీసింది. కొంచెం ఆగి నాలుగోది గీసింది. పెన్సిలు పక్కన పెట్టి, తల ఎత్తి ఎదురుగా ఉన్న మనిషిని చూసింది.

"ఏదో అడుగుతానన్నావు," అంది.

లాంబెర్ట్ లేచి నిలబడ్డాడు. మోకాలు కలుక్కుమంది. ఆర్విల్ గోడ చూశాడు. డెల్ఫీన్ మాత్రం ఎటూ చూడలేదు, తిన్నగా వాళ్ళనే చూసింది.

"ఆదివారం కెర్మిస్ జాతరలో," అన్నాడు లాంబెర్ట్, "నాతో డాన్స్ చేస్తావా అని."

"డాన్సా," అంది ఫిలోమీన్. "అంతేనా? నేను ఇంకేదో అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళూ జవాబు తయారుగా పెట్టుకున్నాను."

"అది డాన్స్ అయ్యాక అడుగుదామనుకున్నా. వరసగా."

"ఏ ఆదివారం?"

"అప్పటిది. కానీ..." లాంబెర్ట్ గోడ మీద క్యాలెండర్ వంక చూశాడు. "ఎల్లుండి కూడా కెర్మిసే."

ఫిలోమీన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసింది. పక్కనే బస్సు టిక్కెట్టు తగిలింది. కాసేపు దాన్ని చూసి, లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, లాంబెర్ట్ కాలరు సర్దింది.

"నా పెట్టెకి తాళం మరీ గట్టిగా బాగుచేశావు," అంది. "రేపు పొద్దున్నే వచ్చి తీసిపెట్టాలి. బట్టలన్నీ అందులోనే ఉన్నాయి."

"ఎన్నింటికి రాను?"

"బస్సు ఎనిమిదింటికి. నువ్వు ఎనిమిదిన్నరకి రా."

మర్నాడు గాస్పార్ మంగలి షాపుకి డెల్ఫీన్ ఒక పూర్తి రేగుపండ్ల తీపిరొట్టె పంపింది. ఎందుకో చెప్పలేదు. ఆయనా అడగలేదు, తినేశాడు. ఆదివారం డాన్స్ సంగతి నన్ను చెప్పమంటే, కుంటి మోకాలితో లాంబెర్ట్ మూడు జతల చెప్పులు అరగదీశాడు, బాకా ఊదేవాళ్ళు ఊపిరి కోసం పక్క జిల్లా నుంచి మనుషుల్ని పిలిపించుకున్నారు. నమ్మనివాళ్ళు ఆ నేలచెక్కలు చూసుకోవచ్చు.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. ఆ శుక్రవారం సాయంత్రం, అక్కా లాంబెర్టూ పూర్తిగా చల్లారిపోయిన చేపల ముందు కూర్చుని ఏదో మాట్లాడుకుంటుంటే, డెల్ఫీన్ మట్టి చార తుడవడానికి గుడ్డ తెచ్చింది. తెచ్చి, తుడవకుండా మళ్ళీ తీసుకెళ్ళి పెట్టేసింది. నేలమాళిగలో ఆర్విల్ పెద్ద పుస్తకం తెరిచి, తొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేని నాలుగువందల నలభై తొమ్మిదో ఆటకి కొత్త వరస గీశాడు. మంచుకి ఆగిన ఆట, ఆగినంతవరకే. మిగిలినవాళ్ళ గడి దగ్గరికి వచ్చేసరికి అలవాటుకొద్దీ తల పైకెత్తి కేకేశాడు.

"డెల్ఫీన్, పైన ఎంతమంది?"

ఆవిడ మెట్ల తలుపు చూసింది. పొయ్యి పక్క చూసింది. వెనక గుమ్మంలో పట్టా చూసింది. ఆఖరున బల్ల వంక చూసింది.

"ఎవరూ మిగల్లేదు," అంది.

"మళ్ళీ లెక్కపెట్టు."

"పెట్టాను," అంది డెల్ఫీన్. "రాసేయండి."